చిన్న కొట్టు, చిన్న తెర: మన ఊరి వెబ్‌సైట్ ఫోన్‌లోకి ఎలా ఒదిగింది?

ఈ ఎపిసోడ్‌ని మీలో చాలామంది ఫోన్‌లోనే చూస్తుంటారు. బస్సులోనో, మంచం మీద పడుకునో, ఒక చేత్తో పట్టుకుని, బొటనవేలితో పైకి తోస్తూ. ఈ రోజు మన టాపిక్ ఆ బొటనవేలి గురించే. దాని కోసం ఇంటర్నెట్ మొత్తం ఎలా మారాల్సి వచ్చిందో, ఆ మార్పులో చిన్న చిన్న కొట్లు ఎక్కడ నలిగాయో, ఎక్కడ గట్టెక్కాయో చూద్దాం.

ముందు ఒక ఉదాహరణ. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే కొట్లు రెండు ఉన్నాయనుకోండి. రెండింటికీ వెబ్‌సైట్ ఉంది. హైదరాబాద్‌లో ఉన్న మీరు ఫోన్ తీసి వెతికారు. మొదటి సైట్ తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. వేళ్లతో లాగి పెద్దవి చేస్తే సగం లైను తెర బయటికి పోయింది. ఫోన్ నంబర్ ఉంది గానీ అది ఫొటోలో ఉంది, నొక్కితే కాల్ వెళ్లదు. రెండో సైట్ తెరవగానే ధర, అడ్రస్, కాల్ బటన్ కనపడ్డాయి. మీరు ఎవరికి ఫోన్ చేస్తారు? నెయ్యి ఒకటే, బెల్లం ఒకటే, చేసే చెయ్యి కూడా అంతే నేర్పుగలది కావచ్చు. అయినా ఒక కొట్టు బేరం ఇంకో కొట్టుకు పోయింది. పైగా మొదటి కొట్టాయనకు ఆ సంగతి ఎప్పటికీ తెలీదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయిన మనిషి కనిపిస్తాడు. ఫోన్‌లో వెనక్కి పోయినవాడు కనపడడు కదా.

ఇదంతా ఎలా మొదలైందో చూద్దాం.

మొదటి పేజీకి వెడల్పు లేదు

టిమ్ బర్నర్స్ లీ 1989లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అనే పరిశోధనా సంస్థలో పనిచేస్తూ వెబ్‌కి సంబంధించిన ప్రతిపాదన రాశాడు. 1991లో అది బయటి ప్రపంచానికి తెలిసింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ తొలి పేజీల్లో ఒక విశేషం ఉంది. వాటికి ఇంత వెడల్పు అని ఏమీ ఉండేది కాదు. కిటికీ ఎంత ఉంటే అక్షరాలు అంతలో సర్దుకునేవి. నీళ్లు చెంబులో పోస్తే చెంబులా, గ్లాసులో పోస్తే గ్లాసులా ఉంటాయి చూడండి, అలాగన్నమాట.

మరి ఆ నీళ్లను గడ్డకట్టించింది ఎవరు? మనమే, అంటే మనుషులే. పత్రికలు, బ్రోచర్లు, పోస్టర్లు తయారుచేసి అలవాటైనవాళ్లు వెబ్‌లోకి వచ్చారు. వాళ్లకు కాగితం అంచు ఎక్కడుందో తెలియాలి. అందుకని టేబుల్స్ వాడి పేజీని గళ్లుగళ్లుగా విడగొట్టారు. గళ్ల మధ్య ఖాళీ కోసం కంటికి కనపడని చిన్న బొమ్మలు పెట్టారు. మొదట 640 పిక్సెళ్ల వెడల్పు, తర్వాత 800, ఆ తర్వాత 1024. ‘ఈ సైట్ 800 బై 600 తెర మీద చక్కగా కనిపిస్తుంది’ అని కింద రాసి పెట్టేవాళ్లు. అంటే కస్టమర్ తన తెరని సైట్‌కి తగ్గట్టు మార్చుకోవాలన్నమాట! చివరికి 960 పిక్సెళ్ల దగ్గర చాలామంది స్థిరపడ్డారు. 1024 తెరలో పడుతుంది, పైగా 960ని 2, 3, 4, 5, 6, 8, 10, 12, 15, 16 దేనితో భాగించినా శేషం రాదు. గళ్లు గీయడానికి సులువు.

2000 ఏప్రిల్‌లోనే ఒకాయన ఇది తప్పుదారి అని చెప్పాడు. ఆయన పేరు జాన్ ఆల్‌సాప్, ఆస్ట్రేలియా వ్యక్తి. ‘ఎ లిస్ట్ అపార్ట్’ అనే వెబ్ పత్రికలో వ్యాసం రాశాడు. ఆయన వాదన సింపుల్. వెబ్ కాగితం కాదు, చూసేవాళ్ల తెర మన చేతిలో ఉండదు, దాన్ని లోపం అనుకోకుండా వెబ్‌కున్న బలంగా చూడండి అన్నాడు. అప్పట్లో మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు గానీ, ఆచరణలో పెట్టినవాళ్లు తక్కువ.

పదిహేను రోజుల తేడాలో రెండూ వచ్చాయి

ఇక మన దేశానికి వద్దాం. 1995 జూలై 31న కోల్‌కతా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్ రామ్‌కి సెల్‌ఫోన్‌లో మాట్లాడారు. దేశంలో మొదటి మొబైల్ కాల్ అదే. సరిగ్గా పదిహేను రోజులకు, అదే ఏడాది ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ సంస్థ సామాన్య జనానికి ఇంటర్నెట్ తెరిచింది. చూడండి, రెండూ కవలపిల్లల్లా పుట్టాయి. కానీ ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోవడానికి పదిహేనేళ్ల పైనే పట్టింది. ఎందుకు?

మొదటి కారణం వ్యాప్. 1997లో నోకియా, ఎరిక్సన్, మోటరోలా, అన్‌వైర్డ్ ప్లానెట్ అనే నాలుగు కంపెనీలు కలిసి ఫోన్‌కి వేరే ఇంటర్నెట్ కావాలని నిర్ణయించాయి. 1999లో వచ్చిన నోకియా 7110 ఫోన్‌ని చూడండి. దాని తెర 96 బై 65 చుక్కలు, నలుపు తెలుపు. ఇప్పుడు మీ వాట్సాప్ డీపీకి కూడా అంతకంటే ఎక్కువ చుక్కలుంటాయి. అందులో మామూలు వెబ్ పేజీ పట్టదు కాబట్టి డబ్ల్యూఎమ్ఎల్ అనే కొత్త భాష తయారుచేశారు. అందులో పేజీలుండవు, పేకముక్కలుంటాయి. నిజంగానే! ఒక్కో తెరని కార్డ్ అన్నారు, కొన్ని కార్డులు కలిస్తే డెక్ అన్నారు. ఒక ముక్క తర్వాత ఇంకో ముక్క తిప్పుకుంటూ పోవాలి.

వినడానికి బాగానే ఉంది. కానీ ఒక చిన్న వ్యాపారి కోణంలో ఆలోచించండి. కంప్యూటర్‌కి ఒక సైట్, ఫోన్‌కి ఇంకో భాషలో ఇంకో సైట్. మొదట్లో కనెక్షన్ ఫోన్ కాల్ లాగే నిమిషాల లెక్కన నడిచేది, పేజీ తెరుచుకునేలోపే బిల్లు పెరిగేది. మధ్యలో ఆపరేటర్ గేట్‌వే ఒకటి కాపలా ఉండేది. ఫోన్ తెరవగానే కనపడే మెనూలో ఏ సైట్ ఉండాలో చాలాచోట్ల ఆపరేటరే నిర్ణయించేది. మన దగ్గర ఆ కాలంలో కుర్రాళ్లుగా ఉన్నవాళ్లని అడగండి, కీప్యాడ్ ఫోన్‌లో పొరపాటున ఇంటర్నెట్ బటన్ నొక్కితే బ్యాలెన్స్ ఎక్కడ కట్ అవుతుందోనని గాభరాగా రెడ్ బటన్ నొక్కిన సంగతి చెప్తారు. రింగ్‌టోన్లకీ క్రికెట్ స్కోర్లకీ పనికొచ్చింది గానీ, కొట్లకి వ్యాప్ వల్ల ఒరిగింది తక్కువే.

అదే 1999లో జపాన్‌లో కథ ఇంకోలా నడిచింది. ఫిబ్రవరి 22న ఎన్‌టీటీ డొకోమో కంపెనీ ఐ-మోడ్ అనే సర్వీస్ మొదలుపెట్టింది. వాళ్లు రెండు తెలివైన పనులు చేశారు. ఒకటి, కొత్త భాష కనిపెట్టకుండా మామూలు హెచ్‌టీఎంఎల్‌నే కాస్త కుదించి వాడారు. అంటే వెబ్ పేజీ రాయడం వచ్చిన ఎవరైనా ఫోన్ పేజీ రాయగలరు. రెండు, నిమిషాల లెక్క మానేసి డేటా లెక్కన డబ్బు తీసుకున్నారు. ఇక సైట్లు అమ్మే సర్వీసుల బిల్లు వసూలు చేసిపెట్టి 9 శాతం కమీషన్ ఉంచుకున్నారు, మిగతాది సైట్ వాళ్లకే. రెండేళ్లు తిరక్కముందే కోటి మందికి పైగా చేరారు. మీరు రోజూ పంపే ఎమోజీలకు కూడా ఇక్కడ వేరు ఉంది. షిగెతాకా కురిటా అనే ఆయన ఐ-మోడ్ కోసం 12 బై 12 చుక్కల్లో 176 బొమ్మలు గీయించాడు. చిన్న తెరలో తక్కువ చోటులో భావం చెప్పాల్సిన అవసరం నుంచి పుట్టినవే అవి.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. వ్యాప్ వేరే లోకం కట్టింది, ఐ-మోడ్ ఉన్న లోకానికి దగ్గరగా నిలబడింది. ఈ రెండు దారుల గొడవ ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తుంది.

ఒపేరా మినీ, ఆ తర్వాత ఐఫోన్

2006 జనవరిలో నార్వే కంపెనీ ఒపేరా, ఒపేరా మినీ బ్రౌజర్‌ని ప్రపంచమంతా విడుదల చేసింది. మామూలు జావా ఫోన్‌లో కూడా నడిచేది. కిటుకు ఏంటంటే, పేజీని మీ ఫోన్ నేరుగా తెచ్చుకోదు. ఒపేరా సర్వర్ తెచ్చుకుని, పిండి, బరువు తగ్గించి, పది వంతుల్లో ఒక వంతు దాకా కుదించి పంపుతుంది. మన దేశంలో 2జీ కాలంలో కాలేజీ కుర్రాళ్లకి ఇది వరం. రిజల్ట్స్ వచ్చిన రోజు హాల్ టికెట్ నంబర్ కొట్టి మార్కులు చూసుకున్న బ్యాచ్‌కి ఆ ఎర్ర ‘ఓ’ అక్షరం బాగా గుర్తుంటుంది. కానీ మౌస్ పైన పెడితేనే తెరుచుకునే మెనూలు, ఫ్లాష్‌తో చేసిన యానిమేషన్లు ఉన్న సైట్లు అందులో పనిచేసేవి కావు. అప్పట్లో చిన్న వ్యాపారాలకి సైట్ చేసిపెట్టేవాళ్లు మొదట పెట్టేది ఆ యానిమేషనే! లోగో గిర్రున తిరగాలి, కింద స్వాగతం అని పాకాలి. డబ్బు పోసి చేయించుకున్న ఆర్భాటమే ఫోన్ కస్టమర్‌కి అడ్డుగోడ అయ్యింది.

2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ని చూపించాడు. వేదిక మీద న్యూయార్క్ టైమ్స్ సైట్‌ని, ఫోన్ కోసం చేసిన బుల్లి సైట్‌ని కాకుండా అసలు సైట్‌నే తెరిచి, వేలితో రెండుసార్లు తట్టి పెద్దది చేశాడు. జనం నోరెళ్లబెట్టారు. కానీ లోపల జరిగింది ఒక చిన్న మాయ. ఐఫోన్ తెర వెడల్పు 320 పిక్సెళ్లు. అప్పటి సైట్లన్నీ 960 చుట్టూ ఉన్నాయి. అందుకని అందులోని సఫారీ బ్రౌజర్ ‘నా వెడల్పు 980’ అని సైట్‌తో అబద్ధమాడేది. సైట్ దానికి తగ్గట్టు పరుచుకునేది. ఆ మొత్తాన్నీ ఫోన్ మూడో వంతుకి కుదించి చూపించేది. 16 పిక్సెళ్ల అక్షరం 5 పిక్సెళ్లయిపోతుంది. అందుకే చీమల్లా కనపడేది, అందుకే వేళ్లతో లాగాల్సి వచ్చేది.

మరి అబద్ధం వద్దు అని సైట్ చెప్పాలంటే? దానికోసం యాపిల్ వాళ్లే ఒక ట్యాగ్ ఇచ్చారు. దాని పేరు వ్యూపోర్ట్. ‘నా వెడల్పు ఈ ఫోన్ వెడల్పంతే’ అని పేజీ పైభాగంలో ఒక్క లైను రాస్తే చాలు, బ్రౌజర్ నిజం చెప్తుంది. మిగతా బ్రౌజర్లూ దాన్నే అందుకున్నాయి. ఇప్పటికీ ఆ ఒక్క లైను లేకపోవడం వల్ల ఫోన్‌లో చీమల అక్షరాలతో తెరుచుకునే పాత సైట్లు మనకి తగులుతూనే ఉంటాయి.

రెండు సైట్ల తలనొప్పి

ఆ తర్వాత కొన్నాళ్లు పెద్ద కంపెనీలన్నీ ఫోన్‌కి విడిగా సైట్ పెట్టాయి. అడ్రస్ ముందు ‘ఎం’ అని, చుక్క అని ఉండేది చూడండి, అదే. 2006లో అయితే ఫోన్ సైట్ల కోసం ‘డాట్ మొబి’ అని ప్రత్యేకంగా డొమైన్ కూడా అమ్మారు. మళ్లీ వ్యాప్ దారే కదా! ఫోన్‌లో మీరు షేర్ చేసిన లింక్‌ని మీ ఫ్రెండ్ కంప్యూటర్‌లో తెరిస్తే పెద్ద తెర మీద బుల్లి పేజీ వచ్చేది. ధర మారితే రెండు చోట్లా మార్చాలి. ఒక చోట మర్చిపోయారనుకోండి, కస్టమర్ ఒక ధర చూసి వస్తాడు, కౌంటర్‌లో ఇంకో ధర చెప్తారు. పెద్ద కంపెనీకి దాన్ని చూసుకోవడానికి టీమ్ ఉంటుంది. చిన్న కొట్టుకి ఉండేది ఓనర్, ఆయన బావమరిది, అంతే.

వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 2008లో విడుదల చేసిన మొబైల్ మార్గదర్శకాల్లో ‘ఒకటే వెబ్’ అనే మాట ఉంది. ఏ పరికరంలో చూసినా వీలైనంతవరకు అదే సమాచారం అందాలి అని దాని భావం. మాట బాగుంది, కానీ చేసేది ఎలా?

దానికి సమాధానం 2010 మే 25న వచ్చింది. మళ్లీ అదే ‘ఎ లిస్ట్ అపార్ట్’ పత్రిక. ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ వ్యాసం రాశాడు. శీర్షిక రెస్పాన్సివ్ వెబ్ డిజైన్. లోపలున్న మనుషుల్ని బట్టి గోడలు, గదులు మారేలా కట్టే కట్టడాల గురించి చదివి, ఆ మాట అక్కణ్ణుంచి తెచ్చుకున్నాడు. ఆయన కొత్తగా ఏ యంత్రమూ కనిపెట్టలేదు. అప్పటికే ఉన్న మూడు వస్తువుల్ని కలిపాడు.

ఒకటి, కొలతలు పిక్సెళ్లలో కాకుండా శాతాల్లో రాయడం. 960 వెడల్పు పేజీలో 300 వెడల్పు గడి ఉందనుకోండి. 300ని 960తో భాగిస్తే 31.25 శాతం. ఇక తెర ఎంతైనా ఆ గడి అందులో 31.25 శాతం ఉంటుంది. రెండు, బొమ్మ తన గడి దాటి బయటికి రాకూడదని ఒక నియమం పెట్టడం. మూడు, మీడియా క్వెరీలు. అంటే ‘తెర ఇంతకంటే చిన్నదైతే పక్కపక్కనున్న గళ్లని ఒకదాని కింద ఒకటి పేర్చు’ అని చెప్పే షరతు. అంతే! ఒకే పేజీ, ఒకే అడ్రస్, అన్ని తెరలూ. ఆల్‌సాప్ చెప్పిన నీళ్లు మళ్లీ కరిగాయి. 2011 సెప్టెంబర్‌లో బోస్టన్ గ్లోబ్ అనే పెద్ద పత్రిక తన సైట్‌ని ఈ పద్ధతిలో చేసి చూపించాక ఇది ఆటబొమ్మ కాదని అందరికీ అర్థమైంది.

దీనికి ఇంకొకరి మాట తోడైంది. లూక్ రొబ్లెవ్‌స్కీ అనే డిజైనర్ 2009లో ‘మొబైల్ ఫస్ట్’ అన్నాడు. పెద్ద తెరకి చేసి చిన్నదానికి కుదించొద్దు, చిన్న తెరకే మొదట చేయండి, అప్పుడు ఏది ముఖ్యమో మీకే తెలుస్తుంది అని. చిన్న ఇంట్లోకి మారేటప్పుడు సామాను సర్దినట్టు. పెద్దింట్లో అటక మీద పడున్నవన్నీ అప్పుడే బయటపడతాయి కదా, ఇదీ అంతే.

మరి చిన్న కొట్లకి దీన్ని చేర్చింది ఎవరు? ఎక్కువగా బూట్‌స్ట్రాప్ లాంటి రెడీమేడ్ సరుకు. ట్విట్టర్‌లో పనిచేసే మార్క్ ఓటో, జేకబ్ థార్న్‌టన్ తయారుచేసిన ఈ కిట్‌ని 2011 ఆగస్టులో ఉచితంగా విడుదల చేశారు. 2012లో రెండో వెర్షన్‌తో ఫోన్‌కి ఒదిగే గుణం వచ్చింది, 2013లో మూడో వెర్షన్ ఫోన్‌నే మొదట పెట్టింది. అమీర్‌పేటలో కోర్సు చేసిన కుర్రాడు కూడా నాలుగు రోజుల్లో ఫోన్‌కి పనికొచ్చే సైట్ నిలబెట్టగలిగే పరిస్థితి దీనివల్లే వచ్చింది.

యాప్ మోజు, గూగుల్ కర్ర, జియో సునామీ

2012 నాటికే మన దేశంలో వెబ్ వాడకంలో కంప్యూటర్‌ని ఫోన్ దాటేసిందని స్టాట్‌కౌంటర్ లెక్కలు చెప్పాయి. ప్రపంచం మొత్తం మీద ఇది జరగడానికి 2016 అక్టోబర్ దాకా పట్టింది. అంటే ఈ విషయంలో మనం నాలుగేళ్లు ముందున్నాం.

ఇది చూసి 2015లో పెద్ద కంపెనీలు ఒక సాహసం చేశాయి. ఫ్లిప్‌కార్ట్ ఫోన్‌లో వెబ్‌సైట్ మూసేసి, కొనాలంటే యాప్ వేసుకోండి అంది. మింత్రా ఇంకో అడుగు ముందుకేసి మే నెలలో కంప్యూటర్ సైట్ కూడా ఆపేసింది. ఏమైంది? ఫోన్‌లో చోటు లేనివాళ్లు, ఒక్కసారి చూసి పోదామనుకున్నవాళ్లు దూరమయ్యారు. అదే ఏడాది నవంబర్‌లో ఫ్లిప్‌కార్ట్ లైట్ పేరుతో ఫోన్ వెబ్‌కి తిరిగొచ్చింది. మింత్రా 2016లో కంప్యూటర్ సైట్‌ని మళ్లీ తెరిచింది. కోట్లు ఖర్చుపెట్టి జనాల చేత యాప్ వేయించగల కంపెనీలకే గుమ్మం మూస్తే కష్టమైందంటే, ‘మా మిఠాయి కొట్టు యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి’ అంటే ఎవరు చేసుకుంటారు చెప్పండి?

అదే 2015లో గూగుల్ కర్ర పట్టుకుంది. ఏప్రిల్ 21 నుంచి, ఫోన్‌లో వెతికేవాళ్లకి ఫోన్‌లో చక్కగా కనపడే పేజీల్ని పైకి తెస్తాం అని రెండు నెలల ముందే ప్రకటించింది. జనం దానికి మొబైల్‌గెడ్డాన్ అని పేరు పెట్టారు, మొబైల్ ప్రళయం అని. 2016లో ఇంకో మాట చెప్పింది. ఇకపై మీ సైట్‌లో ఏముందో తెలుసుకోవడానికి కంప్యూటర్ రూపం చూడం, ఫోన్ రూపమే చూస్తాం అని. ఆ మార్పు నెమ్మదిగా నడిచి 2023 అక్టోబర్‌లో పూర్తయిందని ప్రకటించింది. దీనర్థం ఏంటో గమనించండి. ఫోన్ తెరలో ఇరుకని మీరు తీసేసిన సమాచారం, గూగుల్ లెక్కలో అసలు లేనట్టే.

ఇక 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. ఆ తర్వాత డేటా ధర ఎంత పడిపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ తరమే మీరు. 2017లో జియో ఫోన్ అని 2.4 అంగుళాల తెరతో, 1500 రూపాయలు డిపాజిట్ కడితే ఇచ్చారు. మన పల్లెల్లో ఎంతోమంది మొదటిసారి ఇంటర్నెట్ చూసింది అలాంటి ఫోన్లలోనే. వాళ్లకి ‘కంప్యూటర్‌లో అయితే బాగా కనిపిస్తుందండీ’ అంటే అర్థమే లేదు. వాళ్లింట్లో కంప్యూటర్ ఎప్పుడూ లేదు.

తెలుగు సంగతి వేరే కథ

ఇప్పుడు మన ఇంటి గొడవ. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. కానీ ఉండటం వేరు, ఫోన్‌లో కనపడటం వేరు. ఆండ్రాయిడ్‌కి తెలుగు అధికారికంగా అందింది 2012లో వచ్చిన 4.1 వెర్షన్, జెల్లీబీన్‌తో. అంతకు ముందు చాలా ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు. కొన్నింట్లో అక్షరాలొచ్చినా ఒత్తులు ఊడి పక్కన పడేవి.

అప్పుడు కొట్లవాళ్లు ఏం చేశారు? డీటీపీ షాపుకి వెళ్లారు. అక్కడ అను ఫాంట్లలో కరపత్రం కొట్టేవారు. అవి యూనికోడ్ కావు, ఆ అక్షరాల్ని తీసుకెళ్లి వెబ్ పేజీలో వేస్తే పిచ్చి గీతలొస్తాయి. అందుకని కరపత్రాన్నే ఫొటోగా మార్చి సైట్‌లో పెట్టేశారు. ఆ రోజుకి అది తెలివైన పరిష్కారమే, కాదనలేం. కానీ ఫొటోలో ఉన్న మాట తెరకి తగ్గట్టు సర్దుకోదు. నంబర్ నొక్కితే కాల్ పోదు. కళ్లు కనపడనివాళ్లకి ఫోన్ చదివి వినిపించలేదు. గూగుల్‌కి కూడా అక్షరాలంత సులువుగా దొరకదు. సమస్య తీరి పదేళ్లు దాటినా అలవాటు మాత్రం పోలేదు. ఇవాళ్టికీ ఎన్నో సైట్లలో తెలుగు అంటే ఫొటోనే.

ఇప్పుడు ఆ అవసరం లేదు. మండలి, రామభద్ర, గిడుగు, సురన్న లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. కాకపోతే ఒక జాగ్రత్త. మన అక్షరాలకి పైన గుణింతాలు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ల ఎడం మనకి సరిపోదు, పై లైను ఒత్తు కింది లైను గుడి మీద కూర్చుంటుంది. మన మాటలు పొడుగు కూడా. ‘కొనుగోలుదారులకు’ అనే ఒక్క మాట పెద్ద సైజులో పెడితే తెర దాటేస్తుంది. ఇంగ్లిష్ టెంప్లేట్ తెచ్చి తెలుగు పోసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అన్నట్టు, 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కి సంబంధించిన ఒక అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లే క్రాష్ అయ్యాయి. గుర్తుందా? ప్రపంచమంతా వార్త అయ్యింది. యాపిల్ అదే నెలలో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. నవ్వుకున్నాం గానీ, మన లిపి ఎంత చిక్కనిదో, దాన్ని చిన్న తెర మీద నిలబెట్టడం వెనక ఎంత పని ఉందో అది చెప్పింది.

అద్దె గుమ్మం, సొంత గుమ్మం

చివరిగా అసలైన పాయింట్. చిన్న వ్యాపారానికి సైట్ ఎందుకండీ, ఇన్‌స్టా పేజీ ఉంది, 2018 నుంచి వాట్సాప్ బిజినెస్ ఉంది, మ్యాప్స్‌లో పేరుంది, చాలదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అవన్నీ వాడాలి కూడా. వాటికి ఫోన్‌లో ఒదగడం పుట్టుకతోనే వచ్చింది. కానీ ఒక చరిత్ర వినండి.

2017లో గూగుల్ చిన్న వ్యాపారాలకి ఒక ఉచిత సైట్ ఇచ్చింది. మ్యాప్స్‌లో ఉన్న వివరాలతోనే పది నిమిషాల్లో తయారు, ఫోన్‌లో చక్కగా కనపడేది, పైసా ఖర్చు లేదు. ఎంతోమంది ఆ అడ్రస్‌ని విజిటింగ్ కార్డు మీద, కొట్టు బోర్డు మీద, కవర్ల మీద అచ్చువేయించుకున్నారు. 2024 మార్చిలో గూగుల్ ఆ సైట్లన్నిటినీ ఆపేసింది. జూన్ దాకా ఆ అడ్రస్ కొడితే మ్యాప్స్ ప్రొఫైల్‌కి తీసుకెళ్లింది. ఆ తర్వాత అదీ లేదు. బోర్డు మీద రంగు అలాగే ఉంది, గుమ్మం మాత్రం మాయమైంది. చెప్పకుండా చేశారని కాదు, ముందే చెప్పే చేశారు. కానీ అద్దె ఇల్లు ఖాళీ చేయమంటే చేయాలి కదా.

సొంత పేరుతో డొమైన్ ఉంటే, సైట్ ఎవరి దగ్గర చేయించినా, రేపు ఎవరి దగ్గరికి మార్చినా, అడ్రస్ అదే ఉంటుంది. ఏడాదికోసారి కొద్ది మొత్తం కట్టి రెన్యూ చేసుకోవాలి, ఆ డొమైన్ మీ పేరు మీదే రిజిస్టర్ చేయించుకోవాలి. సైట్ చేసిన కుర్రాడి పేరు మీద కాదు, ఇది ముఖ్యం.

మరి ఈ చరిత్ర అంతా తెలిశాక, మీ ఇంట్లోవాళ్ల కొట్టుకో, మీ ఫ్రెండ్ టైలరింగ్ షాపుకో సైట్ ఉంటే ఒకసారి ఫోన్‌లో తెరిచి చూడండి. వైఫై ఆపేసి, సిగ్నల్ తక్కువ ఉన్న చోట తెరవండి. వేళ్లతో లాగకుండా చదవగలుగుతున్నారా? నంబర్ నొక్కితే కాల్ వెళ్తోందా? నంబర్‌ని కాల్ లింక్‌గా రాసే పద్ధతికి 2000లోనే ప్రమాణం ఖరారైంది, కొత్త విద్య ఏమీ కాదు. బటన్లు బొటనవేలికి అందేంత పెద్దగా ఉన్నాయా? ధరలు, టైమింగ్స్ ఫొటోలో ఉన్నాయా, అక్షరాల్లో ఉన్నాయా? ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో కనపడాలని గూగుల్ పెట్టుకున్న కొలత, మీది ఎంతసేపు పడుతోంది? 4జీ ఉంది కదా అని బరువు పెంచుకుంటూ పోకండి. 2 ఎంబీ పేజీ 2జీ మీద, సెకనుకి 40 కిలోబిట్లు వస్తే, తెరుచుకోవడానికి దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది. ఘాట్ రోడ్డులో, లిఫ్ట్‌లో, జాతర జనంలో మన 4జీ కూడా అలాగే అయిపోతుంది. కెమెరాలోంచి నేరుగా ఎక్కించిన ఒక్క ఫొటోనే అంతకంటే ఎక్కువ బరువుండొచ్చు. కుదించి పెట్టండి.

ఇరవై ఏళ్లకు పైగా నడిచిన ఈ కథలో, ఫోన్‌కి వేరే లోకం కడదామన్న ప్రతి ప్రయత్నం, వ్యాప్ కానీ, డాట్ మొబి కానీ, యాప్ ఒక్కటే చాలన్న పంతం కానీ, కొన్నాళ్లకి వెనక్కి తగ్గింది. ఒకే పేజీ, అందరికీ, ఏ తెరకైనా అన్న మాట మాత్రం 1991లో ఉన్నట్టే ఇప్పటికీ నిలబడింది. అందులో చిన్న కొట్టుకీ పెద్ద కంపెనీకీ ఒకటే చోటు, అరచేతి వెడల్పంత.

సరే ఫ్రెండ్స్, మీకు తెలిసిన ఏదైనా కొట్టు సైట్‌ని ఇలా చెక్ చేసి, ఓనర్‌కి మర్యాదగా చెప్పి చూడండి. ‘మీ సైట్ బాలేదు’ అనకండి, ‘అన్నా, నంబర్ నొక్కితే కాల్ పోవట్లేదు’ అనండి, వెంటనే వింటారు. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో టాపిక్‌తో కలుద్దాం.